నరాల గడ్డల స్లైడు ముందు కూర్చున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. స్పిండిల్ కణాల, అంటే కదురులా సన్నటి పొడవాటి కణాల గడ్డ ఏది వచ్చినా కంగారుగా ఉంటోందని, ఎస్-100 స్టెయిన్ పాజిటివ్ రాగానే ష్వానోమా అని రాసేసి ఊపిరి పీల్చుకుంటున్నావని రాశావు. ఆ ఊపిరి పీల్చుకోవడం గురించే నాకు దిగులు. ఎస్-100 అనే ప్రోటీన్‌ని 1965లో గుర్తించింది మెదడు కణజాలంలో. ఆ తర్వాత అది ష్వాన్ కణాల్లో, మెలనోసైట్లలో, కొవ్వు కణాల్లో, కార్టిలేజ్‌లో, లాంగర్‌హాన్స్ కణాల్లో, ఇంకా చాలాచోట్ల కనబడింది. కాబట్టి ఆ ప్రోటీన్ ఉన్నచోట స్టెయిన్ చూపే గోధుమ రంగు చూసి గడ్డకు పేరు పెట్టెయ్యకు. నరాల తొడుగు గడ్డల్లో పేరు తేల్చేది కణాల అమరిక, ఆ గడ్డకు నరంతో ఉన్న సంబంధం. ఆ రెండూ గులాబీ, ఊదా రంగులిచ్చే మామూలు హెచ్ అండ్ ఇ స్లైడు మీద, అదీ లో పవర్‌లోనే చాలావరకు తేలిపోతాయి. ఈ ఉత్తరమంతా నేను చెప్పబోయేది ఆ ఒక్క మాటే, కాస్త వివరంగా.

ముందు నరం అడ్డకోత బొమ్మ ఒకసారి తెరిచి పెట్టుకో. బయట ఎపిన్యూరియం, ఒక్కో కట్ట చుట్టూ పెరిన్యూరియం, కట్ట లోపల ఎండోన్యూరియం. ఆ లోపల ఆక్సాన్లు, వాటిని చుట్టుకున్న ష్వాన్ కణాలు, కొద్దిపాటి ఫైబ్రోబ్లాస్టులు, అక్కడక్కడ మాస్ట్ సెల్స్ ఉంటాయి. ష్వానోమా అంటే దాదాపు పూర్తిగా ష్వాన్ కణాల గడ్డ. నరంలో ఒకచోట మొదలై, మిగిలిన కట్టలను పక్కకు నెట్టేస్తూ పెరుగుతుంది. అందుకే దానికి క్యాప్సూల్ ఉంటుంది, నరం ఒక అంచున నలిగి కనబడుతుంది. న్యూరోఫైబ్రోమా అలా పక్కకు నెట్టదు. నరం లోపలే పాకి, ఆక్సాన్లను ఒకదానికొకటి దూరం చేసి, వాటి మధ్య నిండుతుంది. అందులో నిజంగా ట్యూమర్ కణాలు ష్వాన్ కణాలే అయినా ఫైబ్రోబ్లాస్టులు, పెరిన్యూరియల్ లక్షణాలున్న కణాలు, మాస్ట్ సెల్స్ అన్నీ కలిసే ఉంటాయి. పెరిన్యూరియం కణాల గడ్డయిన పెరిన్యూరియోమాలో ష్వాన్ కణం అసలు కథానాయకుడే కాదు. ఈ మూడు గడ్డల తేడా మనసులో ఉంటే ఏ స్టెయిన్ ఎందుకు అలా వస్తుందో బట్టీ పట్టాల్సిన పనిలేదు.

గ్రాసింగ్, అంటే గడ్డను కంటితో చూసి ముక్కలు కోసే పని, దగ్గరే సగం పని అయిపోతుంది, సగం పాడవుతుంది కూడా. గడ్డకు నరం అంటుకుని వచ్చిందా అని వెతుకు. ఒక చివర సన్నటి తెల్లటి తాడులాంటిది కనబడితే ఆ చివరను గడ్డతో కలిపి ఒకే బ్లాక్‌లో వెయ్యి. క్యాప్సూల్ తగిలేలా ఒక ముక్క, కోసిన ముఖం మీద రంగు మారిన ప్రతిచోట నుంచి ఒక్కో ముక్క తియ్యి. పసుపు రంగు మచ్చలు, రక్తం కారిన చోట్లు, నీటి తిత్తులు ష్వానోమాలో మామూలే. కాని గట్టిగా, చేప మాంసంలా తెల్లగా ఉన్న చోటు వేరుగా కనబడితే దాన్ని మాత్రం వదలొద్దు. ముఖ్యంగా ఎన్ఎఫ్-1, అంటే న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్ 1 అనే జన్యుపరమైన జబ్బు, ఉన్న మనిషి నుంచి తీసిన పెద్ద గడ్డయితే బ్లాకులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు, ధారాళంగా వెయ్యి. రిక్విజిషన్ ఫారం ఖాళీగా వస్తే ఫోన్ చెయ్యి. ఏ నరం మీద ఉంది, నొక్కితే జివ్వుమంటుందా, ఒంటి మీద ఇంకా గడ్డలున్నాయా, కాఫీ రంగు మచ్చలున్నాయా, చెవి వినికిడి ఎలా ఉంది అని అడుగు. ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా రాసే రిపోర్ట్ సగం కళ్ళు మూసుకుని రాసినట్టే.

స్లైడు చేతికి రాగానే స్టేజి మీద పెట్టకు. తెల్ల కాగితం మీద పెట్టి మామూలు కంటితో చూడు. గుండ్రటి అంచు, దాని చుట్టూ గులాబీ గీత, లోపల ముదురు ఊదా తావులు, పాలిపోయిన తావులు పక్కపక్కనే ఉంటే ష్వానోమాకి సగం దారిలో ఉన్నావు. అంచు లేకుండా మొత్తం ఒకే లేత రంగులో పరుచుకుని, చర్మం అడుగు కొవ్వులోకి జారిపోతుంటే న్యూరోఫైబ్రోమా గురించి ఆలోచించు. ఈ చూపుకి పట్టేది కొద్ది క్షణాలే. ఆ తర్వాత నాలుగు ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో అంచు మొత్తం ఒక చుట్టు తిరుగు. గడ్డ మధ్యలోకి వెళ్ళడానికి తొందరపడొద్దు. క్యాప్సూల్, దాని కింద లింఫోసైట్ల గుంపులు, పక్కకు నెట్టబడిన నరం కట్ట, అన్నీ అంచులోనే ఉంటాయి.

ఇప్పుడు ష్వానోమా లోపలికి వెళ్దాం. ముదురు తావులు ఆంటోనీ ఏ, పాలిపోయినవి ఆంటోనీ బి. స్వీడన్ వైద్యుడు నిల్స్ ఆంటోనీ 1920లో ఈ రెండు రకాల అల్లికనూ వర్ణించాడు. ఆంటోనీ ఏలో కణాలు దగ్గరగా కట్టలు కట్టలుగా పారుతుంటాయి. సైటోప్లాజమ్ గులాబీగా ఉంటుంది, కాని ఎక్కడ ఒక కణం ముగిసి ఇంకోటి మొదలైందో అంచు తెలియదు. న్యూక్లియస్‌లు పొడవుగా, చివర్లు సన్నబడి, కొన్ని మెలితిరిగి ఉంటాయి. వెరోకే బాడీ దొరికితే హై పవర్‌కి వెళ్ళి నింపాదిగా చూడు. ఒక వరుస న్యూక్లియస్‌లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి, వాటికి ఎదురుగా ఇంకో వరుస ఉంటుంది. మధ్య ఖాళీలో న్యూక్లియస్ ఒక్కటి కూడా ఉండదు, సన్నటి గులాబీ పోగులే ఉంటాయి. ఆ పోగులు కణాల సైటోప్లాజమ్ కొసలు, వాటి చుట్టూ పేరుకున్న బేస్‌మెంట్ మెంబ్రేన్ పదార్థం. ఉరుగ్వేలో పుట్టి ప్రాగ్‌లో పనిచేసిన హోసే వెరోకే 1910లో దీన్ని వర్ణించాడు. చూడముచ్చటగా ఉంటుంది. అంతమాత్రాన దాన్ని పట్టుకుని వేలాడొద్దు. వెరోకే బాడీ ఒక్కటీ లేని ష్వానోమాలు చాలానే వస్తాయి, గర్భసంచి కండరపు గడ్డ లియోమయోమాలోనూ కడుపు గోడలో వచ్చే జిస్ట్ అనే గడ్డలోనూ న్యూక్లియస్‌లు వరుసకట్టి కళ్ళను మోసం చేస్తాయి. లియోమయోమాలో న్యూక్లియస్ కొసలు మొద్దుగా ఉంటాయి, సైటోప్లాజమ్ ఇంకా ముదురు గులాబీగా ఉంటుంది, కణం అంచులు కనబడతాయి. ఆ తేడా ఒకసారి కంటికి అలవాటైతే కండర కణాలను పట్టిచ్చే డెస్మిన్ స్టెయిన్ వెయ్యక ముందే నీకు తెలిసిపోతుంది.

నాకు వెరోకే బాడీ కన్నా ఎక్కువ నమ్మకం రక్తనాళాల మీద. ష్వానోమాలో చిన్న నాళాల గోడలు మందంగా, గాజులా మెరుస్తూ, హయలైన్ పట్టి ఉంటాయి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, చుట్టూ పాత రక్తం మిగిల్చిన హీమోసిడెరిన్, నురగ సైటోప్లాజమ్ ఉన్న హిస్టియోసైట్లు ఉంటాయి. గడ్డ మొత్తం ఆంటోనీ బిగా మారి, కణాలు చెదిరిపోయి, ఏమీ అర్థంకాని పరిస్థితిలో కూడా ఈ నాళాలు మాత్రం మిగిలి ఉంటాయి.

నువ్వు ఫొటోలు పంపిన ముంజేతి కేసు సంగతి ఇక్కడే చెప్పాలి. నల్లగా, పెద్దగా, గతుకులుగా ఉన్న న్యూక్లియస్‌లు చూసి సార్కోమా ఏమోనని ఆ రాత్రి నిద్రపోలేదన్నావు. ఫొటోల్లో నాకు కనబడింది చెబుతాను. న్యూక్లియస్ పెద్దదే, నల్లనిదే, కాని లోపల క్రోమాటిన్ అలుక్కుపోయినట్టు మసకగా ఉంది. కొన్నింటిలో సైటోప్లాజమ్ లోపలికి చొచ్చుకుని గుండ్రటి సూడో ఇన్‌క్లూజన్ ఏర్పడింది. అలాంటి కణాలు అక్కడక్కడ ఒంటరిగా ఉన్నాయి, వాటి పక్క కణాలు ప్రశాంతంగా ఉన్నాయి. చుట్టూ హయలైన్ నాళాలు, పాత రక్తస్రావం గుర్తులు. మైటోసిస్, అంటే విభజన చెందుతున్న కణం, నువ్వు వెతికినా దొరకలేదని రాశావు. ఇది ఏన్షియంట్ ష్వానోమా. ఏళ్ళ తరబడి శరీరంలో ఉండి, క్షీణించి, న్యూక్లియస్‌లు అలా అయ్యాయి. ఈ గడ్డల్లో న్యూక్లియస్ వికృతంగా ఉండటం భయపెట్టాల్సిన విషయం కాదు. కణాలన్నీ కలిసికట్టుగా, ఒకే తీరులో ముదురుగా, దట్టంగా, అమరిక చెరిగిపోయి ఉంటే అప్పుడు భయపడాలి.

దీనికి సరిగ్గా ఎదురు చిక్కు సెల్యులార్ ష్వానోమా. 1981లో వుడ్రఫ్, ఆయన తోటివాళ్ళు దీన్ని విడిగా గుర్తించారు. ఇది వెన్ను పక్కన, ఛాతీ మధ్యలో, పొట్ట వెనక భాగమైన రెట్రోపెరిటోనియంలో ఎక్కువగా వస్తుంది. దాదాపు అంతా ఆంటోనీ ఏ అల్లికే, దట్టంగా ఉంటుంది, వెరోకే బాడీలు సరిగ్గా ఏర్పడవు, మైటోసిస్‌లు కనబడతాయి, ఒక్కోసారి పక్క ఎముకను కూడా తినేస్తుంది. మాలిగ్నెంట్ నరాల తొడుగు గడ్డ, అంటే ఎంపీఎన్ఎస్‌టీ అని రాయడానికి చెయ్యి దురద పెడుతుంది. అప్పుడు మళ్ళీ అంచుకే వెళ్ళు. క్యాప్సూల్ ఉందా, దాని కింద లింఫోసైట్ల గుంపులున్నాయా, హయలైన్ నాళాలున్నాయా, నురగ కణాల గుంపులున్నాయా చూడు. మైటోసిస్‌లు మామూలుగా పది హై పవర్ ఫీల్డ్‌లకు నాలుగు దాటవు. అన్నిటికన్నా గట్టి ఆధారం ఎస్-100, దానిలాగే ష్వాన్ కణాలకు పట్టే సాక్స్-10 స్టెయిన్ గడ్డ మొత్తం ముదురుగా పట్టడం. ఎంపీఎన్ఎస్‌టీలో ఎస్-100 పూర్తిగా పోతుంది, లేదా తునకలు తునకలుగా మాత్రమే మిగులుతుంది. మామూలు స్పిండిల్ కణాల ఎంపీఎన్ఎస్‌టీలో అది గడ్డంతా ముదురుగా పట్టిందంటే ముందు నీ డయాగ్నసిస్‌నే అనుమానించు. హెచ్3కె27 ట్రైమిథైల్ స్టెయిన్ కూడా సాయపడుతుంది: హై గ్రేడ్ ఎంపీఎన్ఎస్‌టీలో చాలావాటిలో న్యూక్లియస్ నుంచి అది మాయమవుతుంది, సెల్యులార్ ష్వానోమాలో నిలిచి ఉంటుంది. సెల్యులార్ ష్వానోమా పూర్తిగా తీయకపోతే తిరిగి రావచ్చు, కాని వేరే అవయవాలకు పాకదు. ఆ మనిషికి రేడియేషన్, కీమోథెరపీ తప్పించగలిగేది నీ రిపోర్టే. ఈ ఒక్క గడ్డ కోసం ఎంత సమయం తీసుకున్నా ఫర్వాలేదు.

నల్లటి రంగు పదార్థం నిండిన ష్వానోమా ఎప్పుడైనా వస్తే దాన్ని నిరపాయమైన జాబితాలో వెయ్యకు. ఒకప్పుడు మెలనోటిక్ ష్వానోమా అనేవాళ్ళు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాని పేరే మాలిగ్నెంట్ మెలనోటిక్ నర్వ్ షీత్ ట్యూమర్‌గా మార్చింది, ఎందుకంటే అది పాకుతుంది. కార్నీ కాంప్లెక్స్ అనే వంశపారంపర్య జబ్బు ఉందేమో చూడమని రాయి.

న్యూరోఫైబ్రోమాకి వద్దాం. దీని స్వభావమే వదులుగా ఉండటం. లేత నీలి మిక్సాయిడ్ నేల, అంటే జిగురులాంటి పదార్థం, అందులో అలల్లా వంకర తిరిగిన సన్నటి చిన్న న్యూక్లియస్‌లు, కణాల మధ్య గులాబీ రంగు కొలాజెన్ తునకలు. తురిమిన క్యారెట్ అని పాథాలజిస్టులు ఆ కొలాజెన్‌కి పెట్టుకున్న ముద్దుపేరు అతికినట్టు సరిపోతుంది. మాస్ట్ సెల్స్ చెల్లాచెదురుగా ఉంటాయి, టొలుయిడిన్ బ్లూ వేస్తే ఇట్టే బయటపడతాయి. ఒక చిన్న పని చెయ్యి: గడ్డ మధ్యలో ఆక్సాన్లకు పట్టే న్యూరోఫిలమెంట్ స్టెయిన్ వేసి నలభై ఎక్స్‌లో చూడు. మిక్సాయిడ్ నేల మీద సన్నటి గోధుమ గీత ఒకటి తెగుతూ, మళ్ళీ కలుస్తూ పోతుంటుంది. పక్కనే కాస్త ఎడంగా ఇంకోటి. అవి ఆ నరం ఆక్సాన్లు, గడ్డ గుండా ఇంకా దారి చేసుకుంటున్నాయి. ష్వానోమాలో అవి ఎక్కువగా క్యాప్సూల్ కింద, అంచుకే చేరి ఉంటాయి. లోపల కొన్ని కనబడినంత మాత్రాన ష్వానోమా కాకుండా పోదు, ఆ సంగతి గుర్తుంచుకో. సర్జన్‌కి ఈ తేడా ఎందుకు ముఖ్యమో కూడా అక్కడే అర్థమవుతుంది. ష్వానోమాని కట్టల మధ్య నుంచి తొలిచి తీసి నరాన్ని చాలాసార్లు కాపాడొచ్చు. న్యూరోఫైబ్రోమాలో నరమే గడ్డలో కలిసిపోయి ఉంటుంది.

స్టెయిన్లలో కూడా అదే కథ. ష్వానోమాలో ఎస్-100 దాదాపు ప్రతి కణానికీ పడుతుంది. న్యూరోఫైబ్రోమాలో సుమారు సగానికే పడుతుంది, ఎందుకంటే మిగతావి ష్వాన్ కణాలు కావు. ఆ మిగతావాటిలో ఫైబ్రోబ్లాస్టులు సీడీ-34తో సన్నటి వల అల్లినట్టు వెలుగుతాయి. ఈ వల ఉండటం మంచి సూచన, అది పోవడం ప్రమాద సూచన. ఏ స్టెయిన్ చదివే ముందైనా సెక్షన్‌లోనే ఉన్న మామూలు నరం కట్టనో చర్మంలోని చిన్న నరాన్నో చూసి, అది సరిగ్గా పట్టిందో లేదో నిర్ధారించుకో. ఎక్కడో పెట్టిన కంట్రోల్ స్లైడు కన్నా అది నమ్మదగ్గది.

చర్మంలో చిన్న బొడిపెగా వచ్చే న్యూరోఫైబ్రోమా ఒకటే ఉంటే పెద్దగా ఆలోచించాల్సింది లేదు. డిఫ్యూజ్ రకం చర్మం కింద కొవ్వును చీల్చుకుంటూ పాకుతుంది, అందులో స్పర్శ కణాల్లాంటి గుండ్రటి పొరల నిర్మాణాలు, సూడో మైస్నర్ బాడీలు దొరుకుతాయి. కొవ్వులోకి పాకడం, సీడీ-34 పాజిటివ్ కావడం డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యుబరాన్స్ అనే చర్మపు సార్కోమాలోనూ ఉంటాయి కాబట్టి ఆ రెంటినీ కలిపి చదివి పొరబడొద్దు. దానిలో కణాలు ఒకే మూసలో, సుడులు సుడులుగా ఉంటాయి, ఎస్-100 ఉండదు.

ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా వేరే బాధ్యత. ఒక నరం, దాని కొమ్మలన్నీ ఉబ్బి మెలికలు తిరిగి, కోతలో ఒక్కో కట్ట తన పెరిన్యూరియంతో విడివిడిగా కనబడుతుంది. ఇది దాదాపుగా ఎన్ఎఫ్-1 సంతకమే. ఒక్క ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా ఉన్నా ఎన్ఎఫ్-1 నిర్ధారణకు కావలసిన రెండు లక్షణాల్లో ఒకటి తీరినట్టే. అలాగని ప్లెక్సిఫార్మ్ అన్న మాట కనబడగానే ఎన్ఎఫ్-1 అనుకోవద్దు. ప్లెక్సిఫార్మ్ ష్వానోమా కూడా ఉంది, చర్మంలోనే ఎక్కువ, దానికి ఎన్ఎఫ్-1తో సంబంధం లేదు. లోపలున్నది ఆంటోనీ ఏ అల్లికా, వదులు మిక్సాయిడ్ అల్లికా అన్నది చూస్తేనే తేలుతుంది. ఆ ఇద్దరు మనుషుల భవిష్యత్తు వేరు, వాళ్ళ కుటుంబాలకు చెప్పాల్సిన మాటలు వేరు.

ఎన్ఎఫ్-1 ఉన్నవాళ్ళలో ఎంపీఎన్ఎస్‌టీ వచ్చే అవకాశం జీవితకాలంలో సుమారు 8 నుంచి 13 శాతం దాకా ఉంటుందని అంచనా. అందుకే మామూలు న్యూరోఫైబ్రోమాకీ ఎంపీఎన్ఎస్‌టీకీ మధ్య ఉన్న మెట్టు మీద నీ కన్ను ఉండాలి. 2017లో నిపుణులు ఆ మెట్టుకి ఒక పేరు పెట్టారు, అటిపికల్ న్యూరోఫైబ్రోమేటస్ నియోప్లాజమ్ ఆఫ్ అన్‌సర్టెన్ బయొలాజిక్ పొటెన్షియల్, క్లుప్తంగా ఆన్నబ్ అంటారు. న్యూక్లియస్‌లో అటిపియా, అంటే వికృత రూపం, న్యూరోఫైబ్రోమా అమరిక చెరిగిపోవడం, కణాలు దట్టమవడం, మైటోసిస్ 50 హై పవర్ ఫీల్డ్‌లకు ఒకటి దాటడం, కాని పది ఫీల్డ్‌లకు మూడు లోపు ఉండటం. ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉంటే ఆ పేరు రాయాలి. ఒట్టి అటిపియా ఒక్కటే ఉండి, మిగతా అంతా వదులుగా, మామూలుగా ఉంటే అది క్షీణించిన మార్పే, దాన్ని ఎక్కించి రాయొద్దు. పి-16 స్టెయిన్ కణాల్లో పోవడం, సీడీ-34 వల చిరిగిపోవడం ఆ మెట్టు ఎక్కుతోందనడానికి ఆసరా ఇస్తాయి. ఇక్కడ మైటోసిస్ లెక్క నిజంగా లెక్కే కావాలి. అందాజుగా అరుదు అని రాస్తే నీ తర్వాత చదివేవాళ్ళకు ఏమీ తెలియదు.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సిన మాట. పెద్ద వయసు మనిషి, ముఖం మీదో తల మీదో ఎండ తగిలే చోటు, చర్మంలో స్పిండిల్ కణాలు, ఎస్-100 పాజిటివ్, సాక్స్-10 పాజిటివ్. న్యూరోఫైబ్రోమా అని రాయబోయే ముందు చెయ్యి వెనక్కి తీసుకో. మెలనోసైట్ల క్యాన్సర్‌లో ఒక రకమైన డెస్మోప్లాస్టిక్ మెలనోమా సరిగ్గా ఇలాగే కనబడుతుంది. మెలనోమాకి మామూలుగా వేసే హెచ్ఎంబీ-45, మెలాన్-ఏ స్టెయిన్లు అందులో తరచుగా నెగెటివ్, కాబట్టి అవి నెగెటివ్ అని ధైర్యం తెచ్చుకోవద్దు. పైన ఎపిడెర్మిస్ అడుగు వరుసలో మెలనోసైట్లు ఎక్కువగా, అస్తవ్యస్తంగా ఉన్నాయా చూడు. గడ్డ లోపలా అంచునా లింఫోసైట్ల గుంపులున్నాయా చూడు. ఎండకు పాడైన కొలాజెన్ ఎంతుందో చూడు. న్యూక్లియస్‌లలో అక్కడక్కడ ముదురు, కోణాలు తేలినవి దొరికితే, సీడీ-34 వల లేకపోతే, న్యూరోఫిలమెంట్‌తో ఆక్సాన్లు లోపల కనబడకపోతే న్యూరోఫైబ్రోమా మాట మర్చిపో. వయసు మళ్ళినవాళ్ళ ముఖం మీద న్యూరోఫైబ్రోమా రాదని నేననడం లేదు. కాని అక్కడ ఆ మాట రాసే హక్కు ఈ పరీక్ష అంతా దాటాకే నీకు వస్తుంది. ఇంకొకరి కంటికి చూపించకుండా ఆ కేసు సంతకం పెట్టకు.

పెరిన్యూరియోమా తక్కువగా వస్తుంది, అందుకే మర్చిపోతాం. కణాలు చాలా సన్నగా, పొడవుగా, రెండు కొసలూ దారంలా సాగి, సుడులు తిరుగుతూ ఉంటాయి. ఎస్-100 నెగెటివ్, పెరిన్యూరియల్ కణాలకు పట్టే స్టెయిన్లు ఈఎంఏ, క్లాడిన్-1, గ్లట్-1 పాజిటివ్. చిక్కేమిటంటే ఆ కొసలు మరీ సన్నవి కాబట్టి ఈఎంఏ రంగు చాలా పలచగా, ఉందా లేదా అన్నట్టు పడుతుంది. హై పవర్‌లో, కాంతి కాస్త తగ్గించి వెతకాలి, లేకపోతే నెగెటివ్ అని రాసేస్తావు. యువకుల వేళ్ళలో, అరచేతిలో వచ్చే స్క్లీరోజింగ్ రకంలో కొలాజెన్ మధ్య కణాలు దాక్కుని ఉంటాయి. నరం లోపలే పుట్టే ఇంట్రాన్యూరల్ రకంలో ఒక్కో ఆక్సాన్ చుట్టూ పెరిన్యూరియల్ కణాలు పొరలు పొరలుగా చుట్టుకుని సూడో ఆనియన్ బల్బులు ఏర్పడతాయి. పైకి దీనితో పోలికే తప్ప అసలు స్వభావం వేరైన గడ్డ లో గ్రేడ్ ఫైబ్రోమిక్సాయిడ్ సార్కోమా. అది కూడా నిదానంగా, అమాయకంగా కనబడుతుంది, ఈఎంఏ కూడా పట్టవచ్చు, కాని ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తులకు వెళ్ళగలదు. లోతైన చోట పెరిన్యూరియోమా అని రాసేముందు ఆ సార్కోమాను పట్టిచ్చే మ్యూక్-4 స్టెయిన్ వెయ్యకుండా వదలొద్దు.

ఒకే గడ్డలో రెండు రకాలు కలిసి కనబడితే నీ కంటినే తప్పుపట్టుకోకు. హైబ్రిడ్ గడ్డలు నిజంగా ఉన్నాయి. ష్వానోమా, పెరిన్యూరియోమా కలయికే ఎక్కువ, అందులో ఎస్-100 కణాలు, ఈఎంఏ కణాలు ఒకదాని పక్కన ఒకటి అల్లుకుని ఉంటాయి. న్యూరోఫైబ్రోమాలో ష్వానోమా బొడిపెలు కనబడితే మాత్రం ఒంటి మీద ఇంకా గడ్డలున్నాయేమో అడగాలి, ఆ కలయిక వంశపారంపర్య స్థితుల్లో ఎక్కువ.

మిగతావి త్వరగా చెబుతాను. గ్రాన్యులార్ సెల్ ట్యూమర్ నాలుక మీద ఎక్కువ, దాని మీది స్క్వామస్ పొర లోపలికి వేళ్ళూనుకున్నట్టు పెరుగుతుంది. పై ముక్క మాత్రమే వస్తే స్క్వామస్ కార్సినోమా అని పొరబడే ప్రమాదం ఉంది, కాబట్టి నాలుక బయాప్సీలో పొర కింద గరుకైన గులాబీ కణాలున్నాయా అని తప్పక వెతుకు. ముఖం చర్మంలో చిన్న గుండ్రటి, కణాల కట్టల మధ్య చీలికలున్న, ఆక్సాన్లు నిండుగా ఉన్న బొడిపె సోలిటరీ సర్కమ్‌స్క్రైబ్డ్ న్యూరోమా కావచ్చు. వేళ్ళలో తమ్మెలు తమ్మెలుగా ఉన్న మిక్సాయిడ్ గడ్డ, ఎస్-100 పాజిటివ్ అయితే నర్వ్ షీత్ మిక్సోమా, నెగెటివ్ అయితే న్యూరోథీకియోమా వైపు ఆలోచించు. ఈ రెండింటినీ పాత రోజుల్లో ఒకే గూటిలో పెట్టేవాళ్ళు, ఇప్పుడు వేరు. కడుపు గోడలో వచ్చే ష్వానోమాకి క్యాప్సూల్ ఉండదు, వెరోకే బాడీలు ఉండవు, కాని చుట్టూ లింఫోసైట్ల కట్ట ఉంటుంది. జిస్ట్‌ని పట్టిచ్చే కిట్, డాగ్-1 స్టెయిన్లు నెగెటివ్ వచ్చి ఎస్-100 ముదురుగా పడితే జిస్ట్ మందు అవసరం ఆ మనిషికి తప్పుతుంది.

ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కను గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్‌లో అతి తెలివి వద్దు. గడ్డకట్టించడం వల్లే న్యూక్లియస్‌లు పెద్దవిగా, కోణాలుగా కనబడతాయి, ఆంటోనీ బి మిక్సాయిడ్ సార్కోమాలా మారిపోతుంది. క్యాప్సూల్, నాళాలు, ఆంటోనీ ఏ చూసి నిరపాయమైన నరాల తొడుగు గడ్డ అని చెబితే సర్జన్‌కి ఆ క్షణానికి చాలు. నరం కోయాలా వద్దా అన్నది అప్పుడు తేలాలి, పేరు తర్వాత తేలినా నష్టం లేదు. అనుమానం ఉంటే పర్మనెంట్ సెక్షన్ దాకా ఆగమని ధైర్యంగా చెప్పు. పోయిన నరం తిరిగి రాదు. మెదడు దగ్గర, చెవి నరం వైపు గడ్డ అయితే స్క్వాష్ స్మియర్ కూడా చెయ్యి: మెనింజియోమా సులువుగా పరుచుకుని సుడులు చూపిస్తుంది, ష్వానోమా అద్దం మీద సాగనంటూ మందపాటి ముద్దగా ఉండిపోతుంది.

సూదితో సన్నటి ముక్క తీసే కోర్ బయాప్సీలో అసలు చిక్కు నీకు అంచు కనబడకపోవడం. క్యాప్సూల్ లేని ముక్కలో, ఒక్క తావు మాత్రమే దొరికినప్పుడు, ఏ రకమో తేల్చకుండా నిరపాయమైన నరాల తొడుగు గడ్డ అని ఆగడంలో చిన్నతనం లేదు. కాని ఎన్ఎఫ్-1 ఉన్న మనిషి, గడ్డ ఈమధ్యే పెరుగుతోంది, కొత్తగా నొప్పి మొదలైంది అంటే ఆ ముక్కలో కనబడని తావు గురించి కూడా రాయి. ఈ శాంపిల్‌లో మాలిగ్నెంట్ మార్పు లేదు, అయితే గడ్డ అంతటికీ ఇది ప్రాతినిధ్యం వహించకపోవచ్చు అని, స్కాన్‌లో చురుగ్గా ఉన్న చోటు నుంచి ఇంకో ముక్క కావాలని స్పష్టంగా రాయి.

రిపోర్ట్ రాసేటప్పుడు డయాగ్నసిస్ లైనుతో ఆగిపోకు. క్యాప్సూల్ ఉందా, నరం కనబడిందా, మైటోసిస్ ఎన్ని, నెక్రోసిస్ ఉందా, అంచులు ఎలా ఉన్నాయి అన్నవి రాయి. రెండు వైపులా చెవి నరాల ష్వానోమాలు ఉంటే ఎన్ఎఫ్-2 గురించి, ఒంటి మీద అనేక ష్వానోమాలు ఉంటే ష్వానోమాటోసిస్ గురించి ఒక వాక్యం చేర్చు. 2022లో అంతర్జాతీయ నిపుణులు పేర్లు సవరించి ఎన్ఎఫ్-2ని కూడా ష్వానోమాటోసిస్‌లో ఒక రకంగా చేర్చారు, కాబట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ రాయి. చదివే డాక్టరు ఏ కాలం పుస్తకం చదివినా అర్థం కావాలి. జన్యుపరీక్ష చేయించుకోమని ఆజ్ఞాపించినట్టు రాయొద్దు, జెనెటిక్ కౌన్సెలింగ్ పరిశీలించవచ్చని రాయి. చిన్నపిల్లల కేసయితే రిపోర్ట్ పంపి ఊరుకోకు, ఆ డాక్టరుతో నేరుగా మాట్లాడు. ఆ కాగితం ముందుగా చదివేది తల్లిదండ్రులే కావచ్చు.

ముంజేతి కేసు బ్లాకుల్లో నరం అంటుకుని ఉన్నదాన్ని వెతికి, దాని మీద న్యూరోఫిలమెంట్, ఎస్-100 వేయించి స్లైడ్లు నాకు పంపు. అంచు పూర్తిగా కనబడే సెక్షన్ కూడా ఒకటి జతచెయ్యి.

ఆశీస్సులతో,
మీ మేడం